యూనివర్సల్ జాయింటు: అరిగిందని ఎలా తెలుస్తుంది?

ఈ సంచికలో కథలుంటాయి, గేయాలుంటాయి, ప్రేమ మీద ఎలాగూ నాలుగైదు కవితలుంటాయి. నేను మాత్రం ఒక ఇనుప ముక్క గురించి రాస్తున్నాను. సంపాదకులు మన్నింతురు గాక! అరచేతిలో ఇమిడే ఈ ముక్క విరిగితే పొలంలో దమ్ము ఆగిపోతుంది. అంతటితో పోతే అదృష్టమే. ఒకవైపు తెగిన షాఫ్టు ట్రాక్టరు వెనక గిరగిరా తిరుగుతూ దగ్గరున్న మనిషిని కొట్టిందంటే ఆ తర్వాత మాట్లాడుకోవటానికి ఏమీ మిగలదు. చిత్రమేమిటంటే, ఇది చెప్పాపెట్టకుండా విరిగే రకం కాదు. చాలా రోజుల ముందునుంచీ చెబుతూనే ఉంటుంది. మనమే వినం.

మాది డెల్టాలో వ్యవసాయ కుటుంబం. ఒక ట్రాక్టరు, రోటవేటరు ఉన్నాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా గ్రీజు గన్ను నా చేతికే వస్తుంది. "బియ్యెస్సీ చదువుతున్నావు గదా, దాని సంగతేమిటో చూడరా" అంటాడు మా నాన్న. ఫిజిక్సు చదివినవాడికి షాఫ్టు సంగతి తెలియకపోతే ఆ చదువు దండగ అని ఆయన అభిప్రాయం. అందులో కొంత న్యాయం ఉందనే నాకూ అనిపిస్తుంది.

ముందు అసలు వస్తువేమిటో చూద్దాం. ట్రాక్టరు వెనక, సీటుకు కిందుగా, గాడులు తీసిన చిన్న ఇరుసు ఒకటి బయటికి వచ్చి ఉంటుంది. దాన్నే పి.టి.ఓ. అంటారు. ఇంజను బలాన్ని వెనక తగిలించిన పనిముట్టుకు అందించేది ఇదే. చాలా ట్రాక్టర్లకు దీని మందం సుమారు 35 మిల్లీమీటర్లు, చుట్టూ ఆరు గాడులు, పనిలో నిమిషానికి 540 చుట్లు. ఈ కొలతలు ఒక పద్ధతి ప్రకారం ఉండబట్టే ఒకరి రోటవేటరును మరొకరి ట్రాక్టరుకు తగిలించుకోగలుగుతున్నాం.

అయితే రోటవేటరు గేరుపెట్టె ఈ ఇరుసుకు సరిగ్గా ఎదురుగా ఉండదు. కొంచెం కిందుగా ఉంటుంది. పైగా గట్టు దగ్గర మళ్ళినప్పుడు పైకి లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. తిన్నని కడ్డీ ఒకటి బిగిస్తే మొదటి గట్టు దగ్గరే వంగిపోతుంది. తిరుగుతూనే వంగాలి, వంగుతూనే తిరగాలి. ఇదీ సమస్య.

మన ఒంట్లోనే దీనికి పోలిక ఉంది. మోకాలు ఒక్క వైపే వంగుతుంది. మణికట్టు పైకీ కిందకీ వంగుతుంది, పక్కలకూ వంగుతుంది. తలుపు బందు లాంటి రెండు కీళ్ళను ఒకదానికొకటి అడ్డంగా పెడితే అన్ని వైపులకూ వంగే కీలు తయారవుతుంది. యూనివర్సల్ జాయింటంటే అంతే! ఒక షాఫ్టు చివర ఒక పంగ, రెండో షాఫ్టు చివర ఇంకో పంగ, మధ్యలో నాలుగు కొమ్ములున్న ఉక్కు ముక్క. రెండు కొమ్ములు ఒక పంగలో, రెండు కొమ్ములు రెండో పంగలో. ఆ మధ్య ముక్కనే మా ఊళ్ళో 'క్రాస్' అంటారు. ఒక్కొక్క కొమ్ముకూ టోపీ పెట్టినట్టుగా ఒక ఉక్కు కప్పు, కప్పు లోపల చుట్టూ వరసగా నిలబడి సన్నని సూది బేరింగులు. కప్పు బయటికి జారకుండా ఒక లాకు రింగు. క్రాస్ నడుమ గ్రీజు కొట్టే నిపిలు. దాని నుంచి నాలుగు కొమ్ములలోకీ లోపలే సన్నని దారులుంటాయి.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. ఐరోపాలో దీన్ని కార్డన్ జాయింటంటారు. 1501 నుంచి 1576 వరకు జీవించిన ఇటలీ పండితుడు కార్డానో పేరు మీద వచ్చిన మాట అది. తిరిగే షాఫ్టుకు దీన్ని శాస్త్రీయంగా వివరించినవాడు మాత్రం మనకు బాగా పరిచయమున్న రాబర్ట్ హుక్. ప్రాక్టికల్సులో స్ప్రింగుకు బరువులు వేలాడదీసి, "సాగుదల బలానికి అనులోమానుపాతంలో ఉండును" అని రికార్డులో రాసుకుంటామే, ఆ హుక్కే. సూర్యుణ్ణి కంటికి హాని లేకుండా చూసే పరికరాల గురించి 1676లో ఆయన వెలువరించిన పుస్తకంలో ఈ కీలు ప్రస్తావన ఉంది. మోటారు కార్లకు ఇది చేరింది క్లారెన్స్ స్పైసర్ వల్ల. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా దీని మీద పనిచేసి, 1903లో పేటెంటు పొంది, 1904లో తయారీ మొదలుపెట్టాడు. విద్యార్థి దశలోనే! (మన హాస్టలు మిత్రులు గమనించ ప్రార్థన.)

ఇక అసలు కీలకం ఇక్కడుంది. ఈ జాయింటుకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. వంగి తిరిగేటప్పుడు అటు ఎంత నిలకడగా తిప్పినా ఇటు నిలకడగా తిరగదు. ఒక్క చుట్టులోనే రెండుసార్లు పరుగెత్తుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. ఎంత అన్నది వంపు కోణం కొసైను మీద ఆధారపడుతుంది. అతి తక్కువ వేగం కావాలంటే అసలు వేగాన్ని కొసైనుతో గుణించాలి, అతి ఎక్కువ వేగానికి కొసైనుతో భాగించాలి. 10 డిగ్రీల వంపులో తేడా అటూ ఇటూ నూటికి ఒకటిన్నర మాత్రమే. అదే 30 డిగ్రీలు వంచితే 540 కాస్తా 468కి పడి 624కి లేస్తుంది. 45 డిగ్రీలైతే 382కి పడి 764కి లేస్తుంది. పి.టి.ఓ. సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది కదా, కాబట్టి ఈ కుదుపు సెకనుకు 18 సార్లు. గట్టు దగ్గర రోటవేటరును తిరుగుతూండగానే పైకెత్తితే గుడగుడమని ఒక చప్పుడు వస్తుంది చూశారా? అది ఈ కొసైను చప్పుడే!

దీనికి విరుగుడు రెండో జాయింటు. మొదటి జాయింటు చేసిన ఎగుడుదిగుడును రెండోది సరిచేస్తుంది. కాని రెండు షరతులున్నాయి. రెండు చివర్లా వంపు సమానంగా ఉండాలి. నడిమి షాఫ్టుకు రెండు కొసలా ఉండే పంగలు ఒకే తలంలో ఉండాలి, అంటే షాఫ్టును నేలమీద పెడితే రెండు పంగలూ ఒకే తీరుగా పడుకోవాలి. నలుపలకల షాఫ్టును శుభ్రం చేయటానికి ఊడదీసి, మళ్ళీ దూర్చేటప్పుడు పావుచుట్టు తేడాగా దూర్చే ప్రమాదం ఉంది. అప్పుడు రెండో జాయింటు సరిచేయటం మాట అటుంచి, మొదటిదానికి తోడవుతుంది. 30 డిగ్రీల వంపులో 405కి పడి 720కి లేస్తుంది. కొత్త క్రాస్ వేసినా ఒక్క సీజను నిలవలేదని తిట్టుకునేవారు ముందు పంగలు ఎలా ఉన్నాయో చూసుకోవటం మంచిది.

క్రాస్ ఎంత బరువు మోస్తుందో నేనొక లెక్క వేశాను. పి.టి.ఓ. దగ్గర 38 హార్స్‌పవరు వస్తోందనుకుందాం. 540 చుట్ల వేగంలో మెలితిప్పే బలం సుమారు 500 న్యూటన్ మీటర్లవుతుంది. క్రాస్ మధ్య నుంచి కొమ్ము మీద బలం పడే చోటికి దూరం 3 సెంటీమీటర్లనుకుంటే ఒక్కొక్క కొమ్ము మీద పడేది సుమారు 850 కిలోల బరువుకు సమానం! రోటవేటరు కత్తికి రాయి తగిలినా, మోడు తగిలినా ఇంకా ఎంతో ఎక్కువ. ఇదంతా మోసేవి రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉండే సూదులు. అవి పూర్తి చుట్లు తిరగవు. వంపు ఎంతుంటే అంత మేర అటూ ఇటూ ఊగుతాయి. ఊగినప్పుడే గ్రీజు అన్ని వైపులా పాకుతుంది. అందుకే షాఫ్టు బొత్తిగా వంపు లేకుండా తిన్నగా ఉన్నా మంచిది కాదు. సూదులు కదలక ఒకే చోట నొక్కి నొక్కి కొమ్ము మీద గీతలు గీతలుగా గుంటలు చేస్తాయి.

దమ్ములో అసలు శత్రువు బురద నీరు. కప్పు మూతి దగ్గరుండే రబ్బరు వాషరు చిరిగిందంటే నీరు లోపలికి పోతుంది. ఉక్కు తుప్పు పడుతుంది. ఆ తుప్పు పొడే ఆకురాయిలా సూదుల్ని అరగదీస్తుంది.

పడవల్లోనూ ఇదే కథ. గోదావరి మీద మనం చూసే లాంచీల్లో సాధారణంగా ఇంజను నుంచి నీటిలోని పంకా దాకా షాఫ్టు ఒకే వాలులో తిన్నగా పోతుంది. స్టెర్న్‌డ్రైవ్ అనే రకం వేరు. దాన్ని 1959లో వోల్వో పెంటా కంపెనీ ఆక్వామాటిక్ అనే పేరుతో బజారులోకి తెచ్చింది. ఇందులో ఇంజను పడవ లోపల, వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. పంకా ఉన్న కాలు గోడకు బయట ఉంటుంది. పడవ తిప్పాలంటే ఆ కాలే పక్కకు తిరగాలి, లోతులేని చోట పైకి లేవాలి. కాబట్టి మన రోటవేటరుకు లాగే రెండు యూనివర్సల్ జాయింట్లు. వాటిని ముడతలు ముడతలుగా ఉన్న రబ్బరు తొడుగులో దాచిపెడతారు. ఆ రబ్బరు చిరిగిందా, నీరు చేరి జాయింటు తుప్పు పడుతుంది. పడవను గట్టిగా ఒక పక్కకు తిప్పినప్పుడు వెనకనుంచి గరగరా కటకటా చప్పుడు వచ్చిందంటే అనుమానించాల్సింది మొదట దీన్నే. అక్కడి కష్టమేమంటే కాలు మొత్తం ఊడదీస్తే తప్ప జాయింటు కంటికి కనిపించదు. మనది కళ్ళెదుటే ఉంటుంది. అయినా చూడం!

ఇంతకీ ఎలా కనిపెట్టాలి? మా మండల కేంద్రంలో షెడ్డు పెట్టుకున్న మేస్త్రీగారొకరున్నారు. నలభై ఏళ్ళ అనుభవం. ఆయన షాఫ్టు దగ్గర కూర్చుంటే మొదట పానా తీయరు. చేత్తో పట్టుకుని కళ్ళు మూసుకుంటారు. "బాబూ, క్రాస్ విరిగి రాదు, అరిగి వస్తుంది. విరగ్గొట్టేది మనమే" అన్నారొకసారి నాతో. ఆయన దగ్గర చూసి నేర్చుకున్న పద్ధతే ఇది.

ఇంజను ఆపి తాళం చెవి జేబులో వేసుకోవాలి. రోటవేటరును నేలకు దించాలి. జాయింటుకు అటున్న పంగను ఒక చేత్తో, ఇటున్న పంగను ఇంకో చేత్తో పట్టుకుని ఒకదాన్ని అటూ ఒకదాన్ని ఇటూ మెలిపెట్టాలి. మంచి జాయింటులో కదలిక తెలియకూడదు. 'టిక్కు'మని ఏమాత్రం ఆడినా అరిగినట్టే. ఇక్కడే ఒక తికమక ఉంది. గాడుల్లో ఉండే వదులు, గేరుపెట్టెలో ఉండే వదులు కూడా చేతికి ఇలాగే తగులుతాయి. అందుకని బొటనవేలిని సగం కప్పు మీద, సగం పంగ మీద ఆనించి, ఇంకొకరిని కదపమనాలి. కప్పు కదలకుండా కొమ్ము మాత్రమే లోపల ఆడితే పోయింది క్రాస్. కప్పే పంగ రంధ్రంలో కదులుతుంటే పంగ కూడా పోయినట్టు. అప్పుడు క్రాస్ ఒక్కటి మార్చి లాభం లేదు. బొటనవేలితో ఇంత సంగతి తెలుస్తుందని నేనే పుస్తకంలోనూ చదవలేదు.

తర్వాత షాఫ్టును రోటవేటరు నుంచి విడదీసి జాయింటును నాలుగు వైపులా వంచి చూడాలి. వెన్నలా వంగాలి. ఒకచోట పట్టి, ఒకచోట వదిలి, మెట్లు మెట్లుగా వంగితే లోపల గుంటలు పడ్డాయన్నమాట. బిరుసుగా ఉంటే ఎండిపోయిందన్నమాట.

కళ్ళు చెప్పేది కూడా ఉంది. కప్పు మూతి చుట్టూ ఎర్రని పొడి, కుంకుమ చల్లినట్టుగా కనబడితే అది తుప్పు. లోపల గ్రీజు లేదు. గ్రీజు కొట్టినప్పుడు నాలుగు కప్పుల మూతుల నుంచీ కొత్త గ్రీజు తొంగిచూడాలి. మూడింటిలో వచ్చి నాలుగోదానిలో రాకపోతే ఆ నాలుగోది ఉపవాసం ఉన్నట్టే. నా దృష్టిలో అన్నిటికంటే ముందు తెలిసే గుర్తు ఇదే. దమ్ము రోజుల్లో ఎనిమిది, పది గంటల పనికొకసారి గ్రీజు కొట్టాలంటారు. అంటే రోజుకొకసారి. ఎంతమంది కొడుతున్నారో మీ ఊళ్ళో మీరే చూడండి.

చెవులకు వినిపించేవి మూడు. పి.టి.ఓ. వేసిన క్షణంలో 'టంగు'మనటం, నెమ్మదిగా తిరిగేటప్పుడు పిచ్చుకల్లా కిచకిచలాడటం, పూర్తి వేగంలో సీటు దాకా వణుకు రావటం. మొదటిది వదులు, రెండోది ఎండు. మూడోదాకా వచ్చిందంటే ట్రాక్టరు అక్కడే ఆపాలి.

"ఈ మడి అయిపోనీ, తర్వాత చూద్దాం" అనే మాట దగ్గరే వస్తుంది చిక్కంతా. కాలవ నీరు వంతు మీద వస్తుంది. కూలీలు రేపు నాట్లకు వస్తామంటారు. ఆగటానికి మనసొప్పదు. నేను కాదనను, మా ఇంట్లోనూ అదే మాట వింటాను. కాని రెండేళ్ళ కిందట మా పక్క చేలో జరిగింది చూశాక నా లెక్క మారింది. షాఫ్టు మీద ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు ఎప్పుడో ఊడిపోయింది. చప్పుడెక్కడినుంచి వస్తోందో చూద్దామని ఒకతను తిరిగే షాఫ్టు మీదికి వంగాడు. మెడలో కండువా. కప్పు దగ్గర పైకి లేచిన లాకు అంచుకు కొస తగిలింది. కండువా పాతది కాబట్టి చినిగింది, మనిషి బతికాడు. మెడ చుట్టూ తాడుతో కోసినట్టు గాటు పడి చాలా రోజులు ముద్ద మింగలేకపోయాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. పంగల దగ్గర షాఫ్టు అడ్డకొలత 10 సెంటీమీటర్లయితే ఒక్క చుట్టుకు 31 సెంటీమీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది. సెకనుకు 9 చుట్లు, అంటే సుమారు 2.8 మీటర్లు. ప్రమాదమని తెలిసి మనిషి చెయ్యి కదిలేందుకు పావు సెకను పడుతుందనుకున్నా, ఆ లోపునే 70 సెంటీమీటర్లు లోపలికి పోతుంది. లుంగీ అయినా, చీర కొంగయినా, పొడుగు చేతుల చొక్కా అయినా ఇదే లెక్క. ఎంత బలమైనవాడైనా వెనక్కి లాక్కునే వ్యవధి లేదు. తిరుగుతున్న షాఫ్టు దగ్గర చప్పుడు వెతకరాదు. ఆపి, చేత్తో వెతకాలి.

ఇక మార్చటం. కొత్త క్రాస్ ఖరీదు కొన్ని వందల రూపాయల్లో ఉంటుంది. కొనేటప్పుడు పాతదాన్ని తీసుకువెళ్ళి రెండు కొలతలు సరిచూడాలి: కప్పు అడ్డకొలత, ఎదురెదురు కప్పుల మధ్య మొత్తం పొడవు. కంటికి ఒకేలా కనిపించే సైజులు చాలా ఉంటాయి. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా లాకు పడదు.

షాఫ్టును ఊడదీసే ముందు రెండు గొట్టాల మీదా సుద్దతో గీత గీయాలి. పంగల పొందిక పోకుండా ఉండటానికి ఇదే మార్గం. లాకుల చుట్టూ మట్టి గీకి, కిరసనాయిలు పోసి కాసేపు నాననిచ్చి, లాకుల పటకారుతో నాలుగు లాకులూ తీయాలి. కళ్ళకు అడ్డం ఏదైనా పెట్టుకోవాలి సుమా! లాకు ఎగిరితే తూటాలాగా వస్తుంది. బెంచి వైసులో ఒకవైపు కప్పుకంటే పెద్ద గొట్టం ముక్క, రెండోవైపు కప్పుకంటే చిన్న గుండ్రని ఇనుప ముక్క పెట్టి బిగిస్తూ పోతే ఒక కప్పు గొట్టంలోకి బయటపడుతుంది. తిప్పి పెట్టి ఎదుటిది కూడా అలాగే తీయాలి. వైసు లేక సుత్తితో కొట్టవలసి వస్తే కొమ్ము మీద కొట్టాలి గాని పంగ చెవుల మీద కొట్టరాదు. చెవి వంగితే కొత్త కప్పు నిటారుగా కూర్చోదు. రాకపోతే గ్యాసుతో కాల్చేవాళ్ళున్నారు. అది మా మేస్త్రీగారికి అస్సలు కిట్టదు. కాల్చిన ఉక్కు మెత్తబడుతుందని ఆయన వాదన, అది మెటలర్జీకి సరిపోతుంది కూడా.

పంగ రంధ్రాలను గరుకు కాగితంతో తుడిచి, లాకు గాడిలో మట్టి లేకుండా గీకాలి. కొత్త క్రాస్ నుంచి కప్పులు మెల్లగా లాగి, సూదులన్నీ నిలబడి ఉన్నాయో లేదో చూసి, లోపల పలచగా గ్రీజు రాయాలి. సూదుల్ని నిలబెట్టేది ఆ గ్రీజే. ఈ పనిలో అతి ముఖ్యమైన ఘట్టం ఇక్కడే వస్తుంది. క్రాసును పంగలో పెట్టి రెండువైపులనుంచీ కప్పులు నొక్కేటప్పుడు కొమ్ములు రెండూ కప్పుల్లోనే ఉండేలా ఒక చేత్తో క్రాసును పట్టుకుని ఉండాలి. కొమ్ము బయటికి జారితే ఒక సూది పడిపోయి కప్పు అడుగున అడ్డం పడుతుంది. అప్పుడు కప్పు పూర్తిగా దిగదు, లాకు గాడి తెరుచుకోదు. ఏదో బిగువనుకుని సుత్తితో ఇంకో దెబ్బ వేస్తే సూది విరుగుతుంది, కొత్త క్రాస్ ఆ నిమిషానే పాతదైపోతుంది. గాడి కనపడలేదంటే మళ్ళీ బయటికి తీసి చూడటమే. నిపిలు గ్రీజు గన్నుకు అందే వైపు ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి. అంతా బిగించాక తెలిస్తే ఏడుపే.

లాకులు నాలుగూ గాడుల్లో పూర్తిగా కూర్చున్నాక జాయింటును వంచి చూడండి. కొత్తది కాస్త బిగువుగా ఉంటే పంగ చెవుల పక్కన చెక్క సుత్తితో తేలికగా తట్టాలి. కప్పులు లాకుల దాకా సర్దుకుని జాయింటు వదులవుతుంది. అప్పుడు నాలుగు మూతుల నుంచీ గ్రీజు కనిపించేదాకా గన్ను కొట్టాలి. ఒక చివర క్రాస్ పోయిందంటే రెండో చివరిదీ అదే బురదలో అన్నే గంటలు తిరిగింది కాబట్టి దాన్నీ అదే పూట మార్చటం మేలని నా అభిప్రాయం. మా నాన్న దీనికి ఒప్పుకోడు.

గొట్టాలను సుద్ద గీతల ప్రకారం దూర్చి, ప్లాస్టిక్ తొడుగు వేసి, అది షాఫ్టుతో కలిసి తిరగకుండా గొలుసు కట్టి, రోటవేటరును నేలమీద ఉంచి టాప్ లింకు సర్దుకోవాలి, రెండు చివర్లా వంపు దాదాపు సమానంగా వచ్చేట్టు. మొదటి గంట పని అయ్యాక ఒకసారి ఇంజను ఆపి, తాళం చెవి తీసి, దిగి, నాలుగు లాకులూ గాడుల్లోనే ఉన్నాయా, ఏదైనా ఒక కప్పు మిగతా మూడింటికంటే వేడెక్కిందా అని చూడండి. అన్నీ ఒకేలా గోరువెచ్చగా ఉంటే మళ్ళీ మడిలోకి దిగవచ్చును.